రెక్క మీది గాజుపొర

పోయిన వారం ఓలింకాని రన్‌వే కొసన, విరిగిపోయిన తన విమానం పక్కన నిలబెట్టి వదిలేశాను. ఎడమ చెయ్యి మెడకి వేలాడే కట్టులో ఉంది, కుడి చేతిలో చీపురుంది. దెబ్బలు తగిలిన పిల్లని అంత చలిలో వారం రోజులు నిలబెట్టిందేమిటీ ముసలిది అని మీలో కొందరు తిట్టుకునే ఉంటారు. ఏం చెయ్యను, పత్రికవాళ్ళు నాకిచ్చిన పేజీలు సరిగ్గా అక్కడికి అయిపోయాయి.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. మా ఊరు నెక్లెక్, అలాస్కాలో కస్కోక్విమ్ నది దిగువన. ఓలింకా మా అక్క కూతురు, మా ఊళ్ళో పుట్టి పైలట్ అయిన మొదటి మనిషి. నేను మట్ర్యోనాని. విమానం వస్తోందంటే మంచుబండికి స్లెడ్జి తగిలించుకుని రన్‌వేకి పరుగెత్తే ఏజెంటుని. ఆ పాడు పొద్దున ఓలింకా తన ఒంటి ఇంజను విమానంలో ఇద్దర్ని ఎక్కించుకుంది. ఒకరు అనూష్కా, నెలలు దగ్గరపడిన మనిషి, కానుపుకి ముందే పట్నం చేరి ఆసుపత్రి పక్కన ఉందామని బయల్దేరింది. ఇంకొకరు ఆమె మామగారు వాసిలీ, కోడల్ని దిగబెట్టి వద్దామని ఎక్కాడు. వాసిలీ నాకు స్వయానా అన్నయ్య. విమానం మామూలుకంటే ఎక్కువ దూరం పరుగెత్తి, ఎలాగో లేచి, లేచినంతలోనే ఎడమ రెక్క వాల్చేసి మంచుగట్టుని కొట్టుకుంది. అన్నయ్య పోయాడు. అనూష్కాని పట్నం కూడా దాటించి ఆంకరేజ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి కడుపు కోసి బిడ్డని తీశారు. ఓలింకా చెయ్యి విరిగి బతికింది.

బతికిందన్న మాటేగానీ అప్పట్నుంచీ మనిషి ఒక్కచోట కూర్చోలేదు. మా ఇంట్లో కిటికీ దగ్గరకి వెళ్తుంది, తలుపు దగ్గరకి వస్తుంది, టీ పోస్తే చల్లారిపోతుంది. కారణం ఆ ఐసు. విచారణకి వచ్చిన అధికారి హాల్వర్‌సన్, విరగని కుడి రెక్క మీద పొడి మంచుని చేత్తో నెట్టి చూస్తే అడుగున సన్నని ఐసు పొర ఉంది. గాజంత తేటగా, కింద రంగు కనపడేంత పల్చగా. ఆ పొర ఉన్న రెక్క విమానాన్ని మొయ్యదు. నెల రోజులుగా మా దగ్గర వాన చుక్క లేదు, ఎండుచలి. మరి ఐసు ఎలా వచ్చింది? అధికారికి అంతుపట్టలేదు. ఊరికి మాత్రం వెంటనే అంతుపట్టింది. పిల్ల బద్ధకించింది, రెక్కలు ఊడవకుండా ఎక్కేసింది అన్నారు. ఎదురుగా ఎవరూ అనలేదు. దుకాణంలో ఓలింకా అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి, అంతే.

"ఊడ్చాను పిన్నీ," అనేది రోజూ. "ఆ చివర్నించి ఈ చివర దాకా ఊడ్చాను. నా చేత్తో."

"నేను నమ్ముతున్నానే."

"నువ్వు నమ్మితే లైసెన్సు ఉంటుందా?"

అదీ నిజమే. ఇవాళ హాల్వర్‌సన్ మళ్ళీ వస్తున్నాడు. ఆమె మాటగా ఏం చెబుతుందో అదే ఆఖరుగా రాసుకుని పోతాడు. తన తప్పని ఒప్పుకుంటే ఇక విమానం ముట్టుకోనివ్వరు. కాదంటే ఐసు ఎక్కడిదో చెప్పాలి. ఎగరడం తప్ప ఆ పిల్లకి ఇంకో పని చేతకాదు, చేతనవ్వాలని కోరికా లేదు. విమానం దిగి నేల మీద నడుస్తుంటే దానికి బూట్లు బిగుతైనట్టుంటుందని వాళ్ళమ్మ నవ్వేది.

వచ్చేవాళ్ళని తేవడానికి నా మంచుబండి కావాలి. అది ఫ్యోదర్ షెడ్డులో ఉంది, రిపేరుకి.

ఫ్యోదర్ ఎవరో చెప్పలేదు కదూ. అన్నయ్య కొడుకు, అనూష్కా మొగుడు, ఓలింకాకి బావ. చేపల కంపెనీ మూతపడ్డాక రన్‌వే పక్కన మిగిలిపోయిన పెద్ద షెడ్డులో మంచుబండ్లు బాగుచేస్తుంటాడు. ఆ షెడ్డులో చమురు పొయ్యి రాత్రింబగళ్ళు మండుతుంది. ఊళ్ళో చలికి తట్టుకోలేని ప్రతి వస్తువూ, ప్రతి ముసలాడూ చివరికి అక్కడే తేలతారు.

మా యూపిక్ తెగవాళ్ళలో బావామరదళ్ళ చుట్టరికమంటే వేళాకోళమే. పదిమందిలో ఎంత మాటైనా అనొచ్చు, పడ్డవాళ్ళు నవ్వి తీరాలి. ఓలింకా విమానం దించిన ప్రతిసారీ ఫ్యోదర్ షెడ్డులోంచి బయటికొచ్చి, "మా మరదలు దించితే విమానానికేం కాదు, రన్‌వేకే సొట్ట పడుద్ది" అని అరిచేవాడు. ఆమె కూడా తక్కువదేం కాదు. "నీ చేత బాగుచేయించుకున్న బండి ఇంటిదాకా వస్తే అది దేవుడి మహిమ బావా" అనేది. అలాంటివాడు విమానం పడ్డ రోజు నించీ ఆమెని ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే మర్యాదగా తలూపి పక్కకి తప్పుకున్నాడు. మాలో బావ మర్యాద చేశాడంటే తిట్టినదానికంటే ఎక్కువ. తండ్రిని చంపింది కదా, మొహం చూడబుద్ధి కావట్లేదేమో అనుకుంది ఓలింకా. నేనూ అదే అనుకున్నాను.

ఇంకోటి కూడా నాకు నచ్చలేదు. పెళ్ళాం వెంట ఆంకరేజ్ వెళ్ళి, తండ్రిని పూడ్చడానికి తిరిగొచ్చినవాడు మళ్ళీ ఆమె దగ్గరకి వెళ్ళలేదు. వాతావరణం బాలేదన్నాడు. వాతావరణం బాగుపడింది, విమానాలు వచ్చాయి, పోయాయి. వీడు మాత్రం షెడ్డులోనే ఉన్నాడు. అనూష్కా దగ్గర వాళ్ళమ్మ ఉంది, నిజమే. అయినా మొగుడు మొగుడే కదా.

మేం వెళ్ళేసరికి సన్నగా మంచు పడుతోంది. ఫ్యోదర్ నా బండిని వెచ్చటి షెడ్డులోంచి బయటికి నెట్టి పెట్టి, మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళిపోబోయాడు.

"ఆగరా. ఇంత దూరం నడిచొచ్చాం, టీ నీళ్ళన్నా పొయ్యవా?" అన్నాను.

"రా అత్తా. మీరూ రండి," అన్నాడు. 'మీరు' అన్నది ఓలింకాని.

ఓలింకా మొహం పాలిపోయింది. పొయ్యి పక్కన పెట్టెల మీద కూర్చున్నాం. ఎండుచేప, గట్టి బిస్కెట్లు ముందు పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు. వాడు శుభ్రంగా ఉన్న స్పానర్‌నే తుడిచి, మళ్ళీ తుడిచి, గోడకి తగిలించి, మళ్ళీ తీశాడు. ఓలింకా కూర్చున్నది లేచింది, లేచినది కూర్చుంది.

"ఏరా, మరదలు వచ్చి కూర్చుంటే నోరు పడిపోయిందా? ఏదో ఒకటి అను. దాని చెయ్యి చూసైనా నవ్వు," అన్నాను.

"నవ్వేదేముంది అత్తా."

"అనూష్కా ఎప్పుడొస్తోంది?"

"డాక్టర్లు పంపినప్పుడు."

నా రేడియో గరగరలాడింది. పట్నం నించి విమానం బయల్దేరిందట, మంచు ఇలాగే సన్నగా ఉంటే దిగుతామన్నారు. టీ కప్పు కింద పెట్టి లేచాను. బయటికొస్తే బండి మూత మీద వేలెడు మంచు పేరుకుని ఉంది. మామూలుగా చేసినట్టే తొడుగు వేసుకున్న చేత్తో ఒక్క విసురు విసిరాను. పొడి మంచు పిండిలా లేచిపోయింది. నల్లటి మూత నిగనిగలాడుతూ బయటపడింది.

"ఎక్కు," అన్నాను ఓలింకాతో.

ఆమె ఎక్కలేదు. బండి మూత వంక చూస్తోంది. చూసి చూసి, పళ్ళతో తొడుగు లాగి కింద పడేసి, ఉత్త చేత్తో మూత మీద నిమిరింది. గోటితో గీకింది. గోరు కింద సన్నని పెచ్చు లేచింది. దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుంది. గాజుముక్కే.

నాకు మొదట అర్థం కాలేదు. నేనేం పైలట్‌ని కాదు కదా. ఓలింకాకి మాత్రం ఒక్క క్షణం పట్టలేదు. వెచ్చటి షెడ్డులోంచి వచ్చిన ఇనుము మీద మంచు పడింది, కరిగింది, ఇనుము చల్లారేసరికి ఐసై అతుక్కుపోయింది. ఆ తర్వాత పడిన మంచు దాని మీద పొడిగా కూర్చుంది. చీపురుతో ఊడిస్తే పొడి పోతుంది, ఐసు ఉంటుంది. తేటగా ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు, రెక్క శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది.

ఓలింకా వెనక్కి తిరిగి షెడ్డులోకి నడిచింది. నేను బండి వదిలేసి వెనకాలే పరుగెత్తాను.

"బావా," అంది. "ఆ రోజు నా విమానం లోపల పెట్టావా?"

"ఏ రోజు?"

"ఏ రోజో నీకు తెలుసు."

ఫ్యోదర్ స్పానర్ కింద పెట్టాడు. కాదంటాడేమోనని చూశాను. కాదంటే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది, ఎందుకు దాచాలి.

"పెట్టాను," అన్నాడు.

ఓలింకా తల తిప్పి షెడ్డు పెద్ద తలుపు వంక చూసింది, కొలుస్తున్నట్టు.

"రాత్రంతా అనూష్కాకి నడుం నొప్పి," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "నీ విమానంలో ఆ వెనక సీటు ఎప్పుడైనా కూర్చుని చూశావా? పలక మీద కూర్చున్నట్టే ఉంటది. బొజ్జేసుకుని పట్నందాకా ఎలా కూర్చుంటదది? అందుకని తెల్లారకముందే వెళ్ళి రెక్కల మీద నువ్వు కప్పిన గుడ్డలు విప్పి, మంచుబండి కట్టి లోపలికి లాగా. రెక్క కొస తలుపుకి తగలకుండా తేవడానికి నా ప్రాణం పోయింది. పొయ్యి పెద్దది చేశా. సీటు మీద చెయ్యి పెడితే వెచ్చగా, రొట్టెలా ఉంది. అప్పుడు బయట పెట్టేశా."

"మంచు పడుతుంటే."

"అప్పుడే మొదలైంది."

"గుడ్డలు మళ్ళీ ఎందుకు కప్పలేదు?"

"కప్పబోతున్నా. ఇంతలో నీ బండి దీపం కనిపించింది. నువ్వు చూస్తావని..." ఆగిపోయాడు.

"చూస్తే?"

"చూస్తే ఏముంది. బాగోదు కదా. గుడ్డలు మడతపెట్టి అక్కడ పెట్టేసి వచ్చేశా."

బయటివాళ్ళకి ఇది పిచ్చిలా ఉంటుంది. మాకు కాదు. మా పెద్దవాళ్ళు నేర్పిన పద్ధతి అది. ముసలమ్మ గుమ్మం ముందు మంచు తవ్వాలంటే ఆవిడ లేవకముందే తవ్వి పోవాలి. వేట దొరికితే మాంసం ముక్క వసారాలో పెట్టి చప్పుడు కాకుండా నడవాలి. చేసిన మేలు నోటితో చెప్పుకుంటే మేలు కాకుండా పోతుంది. అందుకున్నవాళ్ళూ ఎవరు చేశారని ఆరా తియ్యకూడదు. ఫ్యోదర్‌కి చిన్నప్పుడు ఈ పద్ధతి నేర్పినవాడు మా అన్నయ్యే. వీపు మీద చరిచి మరీ నేర్పాడు. అది గుర్తొచ్చేసరికి నాకు ఏడుపాగలేదు. తొడుగు నోట్లో కుక్కుకున్నాను.

"గుడ్డలు మడతపెట్టి ఉంటే ఎవరో పుణ్యం కట్టుకున్నారనుకున్నా," అంది ఓలింకా. "సీటు వెచ్చగా తగిలింది. చలికి ఇంజను వేడిచేసే గాలిగొట్టం కాసేపు లోపల కూడా పెట్టారనుకున్నా. అడగలేదు. అడగకూడదు కదా మరి! ఒక్క మాట బావా. 'లోపల పెట్టా' అని ఒక్క మాట అంటే తొడుగు తీసి రెక్క తడిమేదాన్ని. మళ్ళీ లోపలికి లాగి ఆరబెట్టేదాన్ని. మధ్యాహ్నం వెళ్ళేవాళ్ళం. మావయ్య..."

"తడమాల్సింది నువ్వు!" ఫ్యోదర్ గొంతు ఒక్కసారిగా లేచింది. "పైలట్‌వి నువ్వా, నేనా? నేను బండ్లు విప్పుకుని బతికేవాణ్ణి. రెక్క ఎలా ఉందో చూసుకోవాల్సింది ఎవరు?"

"చల్లటి రెక్క మీద పడ్డ మంచు ఊడిస్తే పోద్ది. పుట్టినప్పట్నుంచీ అదే చూశాను. ఈ ఊళ్ళో వెచ్చబడ్డ రెక్కని ఎవడు చూశాడు? విమానాన్ని పొయ్యి దగ్గర పడుకోబెట్టిన మొనగాడివి నువ్వొక్కడివే!"

"అయినా తడమాలి!"

"అవును, తడమాలి! తెలుసు! రోజుకి వందసార్లు తడుముతున్నా ఆ రెక్కని, కళ్ళు మూసుకుంటే చాలు!"

"నోళ్ళు ముయ్యండి ఇద్దరూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చచ్చింది మా అన్న. మీ ఇద్దరూ పంచుకోవడానికి అదేమన్నా చేపముక్కనుకున్నారా?"

ఇద్దరూ ఆగారు. ఓలింకా పెట్టె మీద కూలబడింది. మామూలు గొంతుతో అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నాన్నని బయటికి లాగేటప్పుడు. రెక్క మీద చెయ్యానించి ఎక్కబోతే జారింది. మంచు అలా జారదు."

"అంటే మొదటి రోజే. ఊరంతా నన్ను బద్ధకస్తురాలంటుంటే విన్నావు."

"విన్నా."

"అనూష్కాకి చెప్పావా?"

"ఏమని చెప్పను?" ఫ్యోదర్ తల పట్టుకున్నాడు. "నీ నడుం నొప్పి కోసం మా నాన్నని చంపుకున్నానని చెప్పనా? అది నా మీద కోప్పడదు మరదలా. కోప్పడితే బాగుండును. తనవల్లే అనుకుంటది. బిడ్డకి పాలిస్తూ జీవితాంతం అదే అనుకుంటది. దాని మొహం చూస్తే నా నోరాగదని ఇక్కడ పడి ఉన్నా."

ఇన్నాళ్ళకి మరదలా అన్నాడు. అన్నట్టు వాడికే తెలియలేదు.

వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు. దగ్గరకి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. పొయ్యి దగ్గరకెళ్ళి అవసరం లేకపోయినా మంట తగ్గించాను.

"పిన్నీ, ఏం చెప్పమంటావు ఆయనకి?" అంది ఓలింకా.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇక్కడ చించుకోవాల్సిన కడుపూ మాదే, కాళ్ళూ మావే. నేను ఓలింకాకి పిన్నిని, ఫ్యోదర్‌కి అత్తని, పోయినవాడికి చెల్లెల్ని. ఎటు తిరిగినా నా వాళ్ళే.

"సరే, నేనే చెబుతా," అంది ఓలింకా. "విమానం రాత్రంతా బయటే ఉంది. నేను సరిగ్గా ఊడవలేదు. ఇంతే. లైసెన్సు పోతుంది. పోనీ. అనూష్కాకి తెలియదు."

నేను ఫ్యోదర్ వంక చూశాను. వద్దు, నిజం నేనే చెబుతానంటాడని చూశాను. వాడు నేల వంక చూస్తూ నిలబడ్డాడు. వద్దనలేదు. అన్నయ్య కొడుకే అయినా ఆ క్షణంలో వాడంటే నాకు ఒళ్ళు మండింది.

"మరి ఇంకో ఊళ్ళో ఇంకో మంచివాడు ఇలాగే ఇంకో విమానాన్ని వెచ్చబెడితే?" అన్నాను. "వాడికి ఎవరు చెబుతారు? ఆ పైలట్‌కి ఎవరు చెబుతారు? హాల్వర్‌సన్‌కి ఐసు ఎక్కడిదో తెలిస్తే నది పొడుగునా అందరికీ చెబుతాడు. నువ్వు దాచేది ఒక్క అనూష్కా దగ్గరే కాదు పిల్లా."

ఓలింకా నోరు తెరిచింది. జవాబు వచ్చేలోపల రేడియో పలికింది. విమానం నది మలుపు దాటిందట.

బండి మీద ముగ్గురం ఎక్కాం. ఫ్యోదర్ ఎందుకొచ్చాడో తెలియదు, నేను పిలవలేదు. స్లెడ్జిలో వెనక కూర్చున్నాడు. రన్‌వే మీద మంచు గట్టిగా అణిగి బూడిదరంగులో ఉంది. ఆ కొసన ఓలింకా విమానం ఇంకా అలాగే పక్కకి ఒరిగి ఉంది. ఓలింకా అటు చూడలేదు. ఊళ్ళోంచి ఇంకో రెండు బండ్లు వచ్చి కొంచెం దూరంగా ఆగాయి. ఉత్తరాల కోసమట. ఉత్తరాలు మొన్ననే వచ్చాయి.

విమానం దిగింది, తోక ఒకసారి అటూ ఇటూ ఊగి సర్దుకుంది. తలుపు తెరుచుకుంది. హాల్వర్‌సన్ ముందు దిగి, వెనక్కి తిరిగి లోపల ఎవరికో చెయ్యి అందించాడు. ముందు ఒక బూటు వచ్చింది, తర్వాత పొట్ట దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న బొచ్చుకోటు వచ్చింది. అనూష్కా!

"ఆంకరేజ్ నించి పట్నం దాకా వచ్చి నిన్నట్నుంచీ విమానం కోసం కూర్చున్నా!" అని అక్కడ్నుంచే కేకేసింది. "ఈయన దాంట్లో సీటు ఖాళీగా ఉందంటే ఎక్కేశా. ఈయన కాదనలేకపోయాడు. ఏడ్చే పిల్లాణ్ణి చూపిస్తే ఎవడు కాదంటాడు?"

మనిషి సగమైంది. నవ్వు మాత్రం అలాగే ఉంది. ఫ్యోదర్ స్లెడ్జి దగ్గరే నిలబడిపోయాడు. ఆమె వాడి వంక ఒక్క చూపు చూసి, నీ పని తర్వాత చెబుతాలే అన్నట్టు తలాడించి, తిన్నగా నా దగ్గరకొచ్చింది. కోటు మెడ దగ్గర తెరిచింది. లోపల ఎర్రటి మొహం, పిడికిలంత, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"అత్తయ్యా, మీ అన్నయ్యని తీసుకొచ్చా," అంది.

పోయినవాళ్ళ పేరు మాలో తర్వాత పుట్టిన బిడ్డకి వస్తుంది. పేరు ఒక్కటే కాదు, వరస కూడా వస్తుంది. నాకంటే అరవై ఏళ్ళు చిన్నవాడైనా సరే, వాడు నాకు అన్నయ్యే.

"వచ్చావా అన్నయ్యా," అన్నాను.

అనూష్కా బిడ్డని తీసి ఓలింకా బాగున్న చేతిలో పెట్టింది. ఓలింకా వద్దు వద్దంటూనే పట్టుకుంది.

"పట్టుకో, మీ మావయ్యే. నీ మీద కోపం లేదంట. దారంతా నిద్రపోయాడు, విమానమంటే భయమే లేదు వీడికి," అంది అనూష్కా.

ఓలింకా బిడ్డని గుండెకి ఆనించుకుని తల వంచేసింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. దూరంగా నిలబడ్డ ఊరివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. హాల్వర్‌సన్ మంచివాడే, తనూ కాసేపు ఆకాశం వంక చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఓలింకా గారూ, ఇలాంటప్పుడు అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు ఒక్కటే అర్థం కావట్లేదు. ఆ రాత్రి మీ విమానం బయటే ఉందన్నారు. తెల్లారేదాకా బయటే ఉందా?"

ఓలింకా బిడ్డ మొహంలోకి చూసింది. చెప్పు అనుకున్నాను, వద్దు అనుకున్నాను.

"బయటే," అంది. "గుడ్డలు కప్పి, బయటే ఉంది. ఊడవడం నాదే..."

"అదేంటి?" అంది అనూష్కా. ఎవరో వంట గురించి మాట్లాడుతుంటే మధ్యలో అందుకున్నట్టు తేలిగ్గా అందుకుంది. "బయటుంటే నా సీటు అంత వెచ్చగా ఎలా ఉంది? కూర్చోగానే నడుం నొప్పి సగం పోయింది. ఆసుపత్రిలో పడుకుని రోజూ అదే అనుకునేదాన్ని, ఎవరో నాకోసం తెల్లారకముందే లేచి కష్టపడ్డారని. మనలో అడక్కూడదంటారు, తెలుసు. చచ్చి బతికాక నాకు ఆ మొహమాటాలేం మిగల్లేదు. ఎవరో చెప్పు ఓలింకా, వెళ్ళి వాళ్ళ చేతులు పట్టుకుని మొక్కుతా."

"వెచ్చగా ఉందా?" అన్నాడు హాల్వర్‌సన్. చాలా మెల్లగా అన్నాడు.

అనూష్కా ఓలింకా మొహం చూసింది, నా మొహం చూసింది. తర్వాత స్లెడ్జి దగ్గర నిలబడ్డ మొగుడి వైపు తిరిగింది. ఆమె పెదాల మీద నవ్వు ఇంకా పోలేదు.

"నువ్వేనా?" అంది.